నేను నడిపిన ఉత్త గొర్రు

మా బావ విత్తనాన్ని వాన మోసం చేసిందని ఊర్లో ఇప్పటికీ అంటారు. వాన తప్పు లేదు. ఆ మోసం చేసింది నేను.

రాప్తాడులో రైతులకు ఏదో శిక్షణ పెట్టి, తలా ఒక కాగితం చేతికిచ్చి, ఐదేళ్లలో సేద్యంలో ఏం సాధించదలచుకున్నారో రాయమన్నారు. మా అక్క భర్త చాలాసేపు పెన్ను కొరికి, ‘మా ఊరికి కావాల్సిన చెనిక్కాయ విత్తనం మా ఊర్లోనే తయారు చేయాలి’ అని రాశాడు. నేను మాత్రం క్షణంలో, ‘మా బావ కంటే ఒక బస్తా ఎక్కువ పండించాలి’ అని రాసిచ్చాను. పైకి చదివి వినిపిస్తే హాలంతా నవ్వింది.

“నీకు గురి అంటే నా వీపేనారా?” అన్నాడు బావ.

ఆయన నవ్వాడు కానీ రాసింది మరిచిపోలేదు. రెండు పంటల్లో మంచి కాపు ఉన్న వేరుశనగ చెట్లు ఏరి, కాయలు వేరుగా ఎండబెట్టి దాచాడు. ఆ గోతాల మీద నన్ను చెయ్యి కూడా ఆనించనిచ్చేవాడు కాదు.

మా ఊర్లో ఒక జబ్బు ఉంది. నేల విత్తడానికి సరిపడా తడిసి పదునెక్కిందో లేదో ఎవరి చేను వాళ్లు తవ్వి చూసుకుంటారు. అయినా విత్తనం వేసే గొర్రు ఒక్కరిది కదిలిందా, అంతే, ఊరు ఊరంతా విత్తడానికి ఎగబడుతుంది.

ఆ ఏడు తొలి జల్లుకు జానెడు నేల కూడా తడవలేదు. బావ మట్టి పిడికిట్లో పట్టి చూసి, “ఉండ కట్టల్యా. ఇంగో వాన రావాల” అన్నాడు. విత్తనం మాత్రం ఒలిపించి సిద్ధంగా పెట్టుకున్నాడు. నాకు కొంటెతనం పుట్టింది. మర్నాడు పొద్దున్నే ట్రాక్టరుకు గొర్రు తగిలించి, బస్తాల్లో చెనిక్కాయ పొట్టు నింపుకుని, వాళ్ల ఇంటి ముందు హారన్ కొట్టాను.

“యాడికిరా పోతాండావు?”

“విత్తేకి బావా! నువ్వు కాగితాలు రాసుకుంటా ఉండు.”

వాకిలి ఊడుస్తున్న అక్క నన్ను ఎగాదిగా చూసింది.

చేలో ఉత్త గొర్రు రెండు చుట్లు తిప్పి వేప నీడలో పడుకున్నాను. లేచి చూస్తే సగం ఊరు చేలల్లో ఉంది. బావ విత్తడం అప్పటికే పూర్తయింది. అప్పుడైనా నిజం చెప్పలేదు. తంతారని భయం. తర్వాత నెల రోజులు చినుకు లేదు. గింజ ఉబ్బి, మొలక కొస బయట పెట్టి, అలాగే ఎండింది. బావ గోరంట్ల దగ్గర ఒక కోళ్ల ఫారంలో పనికి కుదిరాడు.

అయితే ఆలస్యంగా వాన పడ్డాక, మా అక్క ఎక్కడినుంచో ఒక గోతం విత్తనం బయటికి తీసింది. తినేదానికి దాచుకున్నానంది. చేను మూలన విత్తి, ఏటా అదే విత్తనం పెంచుతూ వచ్చింది. బావ పని మానుకుని వచ్చేశాడు. ఈ ఏడు సగం ఊరికి విత్తనం ఇచ్చే స్థితికి వచ్చి, “మొదటి బస్తా నీదేరా” అని నాకు కబురు పంపాడు.

ఆ బస్తా ఎత్తుకోలేకపోయాను. ఇద్దరి ముందూ పొట్టు సంగతి చెప్పేశాను. అక్క అందుకుంది.

“నాకు ఆ పొద్దే తెలుసురా. నీ బస్తాలు ట్రాక్టరు మింద గాలికి ఎగురుతాండె. చెనిక్కాయ విత్తనం యాడన్నా ఎగురుతాదా? దానికే ఒక గోతం దాపెట్టినా.”

“నాకు చెప్పకూడదా?” అన్నాడు బావ.

“చెప్తి కదా! వీడి గొర్రు కదిలినంక నీకు చెవులు యాడుండాయి?”

బావ ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. లేచి నా బస్తా తీసి వరుసలో చివర పెట్టాడు. “ఊరంతా తీసుకున్యాక వస్తాది నీ వంతు. ఇంగ ఆ గొర్రు తెచ్చి ఈడ పెట్టు.”

ఇప్పుడు నా గొర్రు వాళ్ల కొట్టంలో ఉంది. కావాలంటే అక్కనే అడగాలి. ఆమె గడ్డపార తీసుకుని, పదును చూడ్డానికి ముందు నా చేనికి నడుస్తుంది.