నాన్నకు వినపడని బంగారం

నాన్న ఎత్తిన మట్టి తవ్వే బొరిగ జల్లెడవాడి భుజం మీద పడనే పడింది. నేను వెనక నుంచి నాన్న చొక్కా పట్టుకుని లాగుతున్నాను. మెడలో హెడ్‌ఫోన్ వేలాడుతోంది, మెషీన్ ఎక్కడ పడేశానో కూడా తెలీదు. జల్లెడవాడు కేక పెట్టి వెనక్కి పడ్డాడు, పడుతూనే జల్లెడ తిప్పి నాన్న మూతి మీద కొట్టాడు. చెక్క చట్రం. నాన్న నోట్లోంచి రక్తం జారి బురదలో పడింది. అయినా ఆగలేదు.

"ఛోడ్ దో నానా, ఛోడ్ దో!" అని, వదిలెయ్యమని అరుస్తున్నాను. కంగారొస్తే నాకు హిందీయే వస్తుంది.

"నా సోటులో తవ్వుకుంతాడా ఈడు? సంపెత్తాను!" అంటున్నాడు నాన్న.

ఆయన చోటు అనడానికేం లేదు. అది సువర్ణరేఖ నది ఒడ్డు, అందరిదీ. ఛఠ్ పూజ అయిన మర్నాడు. ముందు రోజు ఆడవాళ్ళు నడుములోతు నీళ్ళలో, ఉన్న నగలన్నీ పెట్టుకుని సూర్యుడికి మొక్కారు. అంతమంది తోసుకుంటుంటే ఒక కమ్మో, ఒక నత్తో జారకుండా ఉంటుందా? అందుకే తెల్లారేసరికి బురద జల్లించడానికి జల్లెడలవాళ్ళు దిగిపోతారు. ఆ ఏడాది మేమూ దిగాం, మెటల్ డిటెక్టర్‌తో. ఐదు నిమిషాల ముందు ఒక చోట మెషీన్ మోగింది. నేను విని, "ఏటీ నేదు నానా, సిగరెట్ కాయితం" అన్నాను. ముందుకి నడిచాం. మేం ఎక్కడ ఆగితే అక్కడ కన్నేస్తున్న జల్లెడవాడు సరిగ్గా అక్కడే పిడికెడు బురద తీసి నీళ్ళలో ఆడించాడు. నత్తు. ఎండలోకి ఎత్తి మరీ చూపించాడు, వెధవ.

ఇంతకీ మా ఇంట్లో ఈ మెషీన్ ఏమిటో చెప్పాలి. నాన్న ఈ హిందీ ఊరికి వలసొచ్చి ఇరవై ఏళ్ళు ఉక్కు రోలింగ్ మిల్లులో కాంట్రాక్టు పని చేశాడు. ఆ మోతకి చెవులు పోయాయి. పూర్తిగా కాదు, అరిస్తే వింటాడు. సన్నటి చప్పుళ్ళే పోయాయి. పని కూడా పోయాక, గోల్‌మురిలో ఒక పాత సామాన్లవాడికి స్కూటర్ ఇచ్చేసి ఈ మెషీన్ తెచ్చుకున్నాడు. అమ్మ నెత్తి కొట్టుకుంది. తెచ్చాక తెలిసింది, ఇనుము గుర్రుమంటే వినిపిస్తోంది కానీ బంగారం మూలుగు ఆయన చెవికి అందడం లేదని. అప్పుడు ఆయన కళ్ళు నా మీద పడ్డాయి. టెన్త్ తప్పి సిద్ధగోరాలో ఇంట్లో కూర్చున్నదాన్ని, పందొమ్మిదేళ్ళదాన్ని, చెవులు రెండూ బాగున్నదాన్ని.

నేర్పడం మొదలుపెట్టాడు. వినపడని మనిషి నాకు వినడం నేర్పాడంటే నవ్వొస్తుంది కదా. ఫోన్లో ఎవరో వీడియోలో చెప్పింది నాకు అప్పజెప్పేవాడు. పెరట్లో ఒక వరసలో మేకు, సోడా మూత, సిగరెట్ పెట్టెలోని వెండి కాయితం, అమ్మ ముక్కుపుడక పాతేవాడు. ఆయన పాతుతున్నంతసేపూ నేను గోడవైపు తిరిగి నిలబడాలి. ఆ తర్వాత మెషీన్ ఊపుతూ ఏది ఏదో చెప్పాలి. తప్పు చెప్తే వెదురు బెత్తంతో పిక్కల మీద ఒకటి. మా నేలంతా ఎప్పుడో పోసిన మిల్లు ఇనుప చిట్టెం, ఎక్కడ ఊపినా గుర్రుమనేది. మొదటి వారం నా పిక్కలు వంకాయ రంగులో ఉన్నాయి. స్నానానికి వేడినీళ్ళు పోసుకుంటే ఏడుపొచ్చేది.

"సెవులు పెట్టుకుని ఇను! బుర్రలో ఏటుందే గుంటా, ఊకా?"

"సున్ రహీ హూఁ నా!"

"తెలుగులో ఏడు!"

రెండో వారం అమ్మ అడ్డుపడింది. తిట్టీ కాదు, కొట్టీ కాదు. నాన్న ఎక్కడ పాతాడో చూసి పెట్టుకుని, నేను ముక్కుపుడక మీదికి రాగానే వంటగది కిటికీలోంచి చిన్నగా దగ్గింది. నేను "బంగారం" అన్నాను. బెత్తం పడలేదు. మర్నాడూ అంతే. అంత చిన్న దగ్గు నాన్నకి వినపడదు కదా! ఆ తర్వాత నెల రోజులూ బంగారం దగ్గర నేను ఒక్క తప్పూ చెప్పలేదు. నాన్న వీధంతా చెప్పుకున్నాడు, "మా గుంట సెవి సెవి కాదురా, తరాజు" అని. నాకూ గర్వంగా ఉండేది, అదే సిగ్గు. ఆ నెల్లో నేను నేర్చుకున్నది అమ్మ దగ్గునే.

నది దగ్గర అమ్మ లేదు.

నలుగురు మనుషులు వచ్చి నాన్ననీ జల్లెడవాడినీ విడదీశారు. జల్లెడవాడు నత్తు నోట్లో పెట్టుకుని, భుజం పట్టుకుని పరుగెత్తాడు. నాన్న పెదవి తుడుచుకుని నావైపు తిరిగాడు. అప్పుడు మాత్రం అరవలేదు.

"ఇంటికాడ నెల్లాళ్ళూ ఒక్కటీ తప్పు సెప్పనేదు. ఇక్కడ ఎలాగ తప్పినావు?"

నేను మెషీన్ కోసం చుట్టూ చూశాను.

"ఆడికీ నీకూ ఏటి? కావాలనే వదిలేసినావా?"

దగ్గు సంగతి చెప్తే తప్పించుకుందును. కానీ ఆ బొరిగ ఇంటికెళ్ళాక అమ్మ మీదికి లేస్తుంది, నాకు తెలుసు. "తెలీక నానా, నిజంగా తెలీక," అన్నాను. నిజం చెప్పాలంటే, అప్పటికి తెలిసింది. ఆ చోటు మీద విన్న చప్పుడు బుర్రలో మళ్ళీ తిరుగుతోంది. కళ్ళు తెరవని పిల్లికూన మూలిగినట్టు మెత్తగా, ఇటు నుంచి ఊపినా అటు నుంచి ఊపినా ఒకేలా. సిగరెట్ కాయితం అలా మోగదు, ఒక వైపు నుంచి గరగరమని రెండో వైపు నుంచి తెగిపోతుంది. మొదటిసారి నా చెవితో నేనే బంగారం విన్నాను, గుర్తుపట్టడానికి ఐదు నిమిషాలు ఆలస్యమైంది.

నాన్న అరచెయ్యి పూర్తిగా చాపి నా ఎడమ చెవి మీద కొట్టాడు. 

ముందు ఏమీ లేదు, తెల్లగా అయిపోయింది. తర్వాత లోపల కుక్కర్ ఈల వేసినట్టు, ఆగని ఈల. మోకాళ్ళ మీద పడ్డాను. ఎవరో ఆడమనిషి నోరు నాన్నని తిడుతున్నట్టు కదులుతోంది. నాన్న మెషీన్ వెతికి బురద తుడిచి నా చేతిలో పెట్టాడు. హెడ్‌ఫోన్ ఎడమ చెవికి పెట్టుకున్నాను. ఏమీ లేదు. ఆయన నా మొహం చూశాడు.

"ఏటయింది? ఇను."

"వినపడ్డం నేదు."

"యాక్టింగ్ సెయ్యకు!" అని ఇంకో చెంప మీద కొట్టాడు. అది చిన్నదే. అప్పుడు నా చెవిలోంచి పలచగా, కొంచెం ఎర్రగా ఏదో మెడ మీదికి జారింది. అది చూశాక చెయ్యి దించాడు.

ఇంటికొచ్చాం. అమ్మ నా మెడ చూసింది, నాన్న పెదవి చూసింది. మసిగుడ్డ కింద పడేసి, ఆయన చేతిలో మెషీన్ లాక్కుని గడప రాతి మీద బాదింది. రెండుసార్లు. పళ్ళెంలా ఉండే గుండ్రం ముక్క విరిగి మంచం కిందికి దొర్లింది. నాన్న అమ్మ జుట్టు పట్టుకున్నాడు. నేను ఇద్దరి మధ్యా దూరి ఆయన చెయ్యి కొరికాను, ఉప్పగా తగిలేదాకా. ఆయన వదిలేసి, గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. మూతి ఒక పక్క, చెయ్యి ఒక పక్క కారుతూ. ఆ పూట ఎవరూ తినలేదు.

పడుకునే ముందు ఆయనే అడిగాడు. "సెవి వత్తాదంతావా?"

"ఏటో," అంది అమ్మ. "రేపు సూపిద్దాం. గచ్చు మీద జారిపడిందని సెప్దాం."

నేను వింటున్నాను, కుడి చెవితో.

మర్నాడు ఉదయం ఆసుపత్రికి నాన్నే తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ లైటు వేసి చూసి, లోపలి పొర చిరిగింది, నీళ్ళు తగలనివ్వకండి, కుట్టాలో లేదో నెల తర్వాత చెప్తాను అంది. ఎలా తగిలింది అని అడిగింది.

"గిర్ గయీ," అన్నాడు నాన్న, నన్ను చూడకుండా.

"నేను పడలేదు మేడమ్," అన్నాను హిందీలో. "మా నాన్న కొట్టాడు. ఈయనే."

ఆమె పెన్ను ఆగింది. నాన్న నా పెదాల వైపు చూస్తూ, "ఏటి సెప్పినావే?" అన్నాడు.

కుర్చీ ఆయన వైపు తిప్పుకున్నాను. బయట వరసలో ఉన్నవాళ్ళందరికీ వినపడినా సరే అని, ఆయనకి అందేంత గట్టిగా తెలుగులో చెప్పాను.

"నువ్వే కొట్టినావని సెప్పాను నానా. రాసుకోమంతన్నాను."