బాపు కోసం కాచిన జపాను పులుసు

మా బాపుకు నాలుక పక్కన లేచిన పుండుకు కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్ చికిత్స, పూర్తయిన రోజు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడింది. కొన్ని నెలలపాటు కారం ముట్టకూడదు. పులుపు వద్దు. కానీ చేపో కోడో గుడ్డో కడుపునిండా తినాలి, ఒళ్లు తగ్గితే కోలుకోవడం కష్టం అని చెప్పింది. బాపు అన్నిటికీ తలూపాడు. బయటికి వచ్చాక ఆస్పత్రి మెట్ల మీద ఆగి నా వైపు చూశాడు.

"కారం లేకుంట కూరెట్లయితది బిడ్డా? నీళ్లల్ల ఉడకేసుడే గదా అది."

బాపు మరమగ్గాల మనిషి. మా దగ్గర వాటిని సాంచాలంటారు. వాటి చప్పుడులో మాట వినబడాలంటే అరవాలి కాబట్టి ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. మధ్యాహ్నం సాంచ పక్కనే టిఫిన్ డబ్బా విప్పి, అవ్వ, అంటే మా అమ్మ, చేసిన ఎర్రటి కూరలో పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినేవాడు. అది చాలదన్నట్టు రాత్రి మళ్లీ ఎల్లిపాయ కారం అడిగేవాడు.

ఆస్పత్రికి దగ్గర కాబట్టి కరీంనగర్‌లోని మా ఇంటికే అవ్వను, బాపును తీసుకొచ్చాను. అవ్వ కారం లేకుండా కోడికూర వండింది. పసుపు నీళ్లలో ముక్కలు తేలుతున్నట్టుంది. ఆమె మొహం చూసి బాపు రెండు ముద్దలు తిన్నాడు, తర్వాత కంచంలోనే చేయి కడుక్కున్నాడు. ఇక పాలు, పెరుగన్నం, మెత్తటి అరటిపండు, అంతే. చొక్కా భుజాల మీద నుంచి జారడం మొదలైంది. అంతకంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఆయన గొంతు. అరిచే మనిషి గుసగుసగా మాట్లాడుతున్నాడు, అదీ అడిగితేనే.

తమ్ముడు దుబాయిలో ఒక హోటల్లో వంట పని చేస్తాడు. పోయిన కొత్తలో ఉల్లిగడ్డలు కోసేవాడు, ఇప్పుడు పొయ్యి దగ్గరికి వచ్చాడు. పనికి ఎక్కే ముందు వీడియో కాల్ చేసి, బాపు తిన్నాడా అని అడుగుతాడు. ఒకరోజు నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు, తినడం లేదని చెప్పేశాను.

"అక్కా, మా హోటల్ల జపానోళ్ల వంటలు చేస్తం. చేపల మీద, కోడి మీద పోసే ఒక రసం ఉంటది, టెరియాకీ అంటరు. అండ్ల మిరపకాయ పేరే ఉండదు. అయినా తిన్నోళ్లు వేళ్లు నాకుతరు. నువ్వు చెయ్యరాదా?"

ఏమేం వేస్తారో చెప్పాడు. సోయా సాసు, తీపి, అల్లం, ఎల్లిపాయ. వాళ్లయితే బియ్యంతో చేసిన ఒక తీపి మద్యం కూడా పోస్తారట, అది లేకపోయినా ఫరవాలేదన్నాడు. చక్కెరకు బదులు బెల్లం వేయమన్నాడు. పక్కనే కూర్చున్న అవ్వ ముక్కు మీద వేలేసుకుంది. పచ్చిపులుసులో ఇంత బెల్లం వేస్తారు గానీ చేప మీద ఎవరైనా వేస్తారా అని ఆమె అనుమానం.

నేను టవర్ సర్కిల్ దగ్గరికి పోయి, నూడుల్స్ బండ్లవాళ్లు సామాను కొనే దుకాణంలో సోయా సాసు సీసా తెచ్చాను. దానితో పాటు వెనిగర్ కూడా వాడతారని దుకాణదారు చెబితే అదీ తెచ్చాను. ఆ సాయంత్రం ఉత్సాహంగా అన్నీ గిన్నెలో పోసి మరిగించాను. నల్లగా, ఘుమఘుమలాడుతూ వచ్చింది. నా నోటికి బాగానే ఉంది. బాపు నాలుకకు తగిలిందో లేదో ఒక్కసారిగా వెనక్కి జరిగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచిపోయి వసారాలో కూర్చున్నాడు. నన్ను అరిచి తిట్టినా బాగుండేది.

అవ్వ గిన్నె తీసి పక్కన పెట్టింది. "ఇడిసిపెట్టు బిడ్డా. మనకెందుకు గా దేశపోళ్ల తిండ్లు?"

నాకు పంతం వచ్చింది. మర్నాడు పొద్దంతా ఇంటి పని చేసుకుంటూనే ఆలోచించాను. ఆయన నోరు పచ్చి పుండులా ఉంది. మంట పెట్టేది మిరపకాయ ఒక్కటే కాదు. డాక్టరమ్మ మాట మరిచి పోసిన వెనిగర్ పులుపు, సోయా ఉప్పు, నేను సన్నగా తరిగిన అల్లం, అన్నీ కలిసి కాల్చాయి. నేను నా నాలుకతో రుచి చూశాను. చూడాల్సింది ఆయన నాలుకతో.

ఈసారి వెనిగర్ సీసా అలమారలో పైకెక్కించాను. సోయా సాసు కొంచెమే పోసి, దానికి రెట్టింపు కంటే ఎక్కువ నీళ్లు పోశాను. అల్లాన్ని పెద్ద బిళ్లలుగా కోసి, ఎల్లిపాయలు చితక్కొట్టకుండా వేసి, వాసన దిగగానే తీసేశాను. బెల్లం తురిమి వేశాను. అంతా బాగానే ఉంది గానీ చాయ్‌లాగా పలచగా ఉంది, చేపకు అంటుకోదు. ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి పెట్టాను, తమ్ముడు అందులోంచి చూస్తున్నాడు. మక్క పిండి, అదే కార్న్‌ఫ్లోర్, కలపమన్నాడు. చల్లటి నీళ్లలో కలిపి పోయాలని వాడు చెప్పేలోపే నేను పొడి పిండి వేడి రసంలో వేసేశాను. నూకల్లాగా ఉండలు కట్టింది.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న అవ్వ నవ్వింది. బాపు జబ్బు బయటపడిన నాటి నుంచి ఆమె నవ్వడం నేను చూడలేదు.

"గంజి ఉన్నది గదనే" అంది.

అప్పుడే అన్నం వార్చిన గంజి. చేతిమగ్గాల కాలంలో మా ఇళ్లల్లో నూలుకు గంజి పట్టించేవాళ్లు. అది దేనికైనా అంటుకుని నిలబడుతుందని అవ్వకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను రసాన్ని వడగట్టాను, ఆమె గంజి కొద్దికొద్దిగా పోసింది, నేను కలుపుతూ పోయాను. సన్న మంట మీద బుడగలు నెమ్మదిగా లేచాయి. చూస్తుండగానే రసానికి మెరుపొచ్చింది, రంగు వేసిన నిర్మల్ బొమ్మ మీద ఉండే మెరుపు. రసంలో ముంచిన గరిటె వెనక వేలితో గీత గీయమన్నాడు తమ్ముడు. గీశాను. గీత కలవకుండా అలాగే నిలిచింది. ఫోన్‌లో వాడు చప్పట్లు కొట్టాడు.

మానేరు డ్యాం నుంచి వచ్చిన కొర్రమట్ట చేప ముక్కలకు ముళ్లు తీయించి, కొంచెం నూనెలో వేయించి పెట్టాను. వాటి మీద రసం పోసి, మెత్తటి అన్నంతో కంచం బాపు ముందు పెట్టాను. గోరంత ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఆయన వెనక్కి జరగలేదు. నమిలాడు. కంచంలోకి చూశాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు, ఈసారి పెద్దది. అన్నంలో కలిపాడు. తలెత్తడం లేదు. సగం కంచం అయ్యాక చేయి చాపాడు.

"జర గంత పులుసు ఎయ్యి."

నేను వేశాను. అవ్వ వెనక్కి తిరిగి గిన్నెలు సర్దుతున్నట్టు నటించింది. బాపు కంచం అంచును వేలితో తుడిచి తిన్నాడు. తమ్ముడికి ఏమీ చెప్పకుండా ఖాళీ కంచం ఫోటో పంపాను.

ఆ రోజు నుంచి ఆ పులుసు మా ఇంట్లో నిలవ ఉండటం మొదలైంది. ఉడికిన గుడ్డు మీద, మెత్తటి కోడి ముక్కల మీద, ఒక్కోసారి ఉత్త అన్నంలోకి. చొక్కా భుజాలకు తిరిగి పట్టింది. మళ్లీ ఆస్పత్రికి పోయినప్పుడు బరువు చూసి, ఏం పెడుతున్నారని డాక్టరమ్మ నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపే బాపు అందుకున్నాడు. సోయా ఎంత, నీళ్లు ఎన్ని, అల్లం ఎప్పుడు తీయాలి, అంతా తానే కనిపెట్టినట్టు చెప్పాడు. ఆ గొంతుకు బయట వరుసలో కూర్చున్నవాళ్లు లోపలికి తొంగి చూశారు. నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు ఎంత బాగుందో చెప్పలేను.

దసరాకు మేమంతా బాపు వాళ్లింటికి పోయాం. చుట్టాలందరికీ ఎర్రగా మటన్ వండాం, బాపుకు విడిగా కోడి ముక్కలు, పక్కన గిన్నె నిండా జపాను పులుసు. ఆ నల్లటిదేంటని ఒకరు వేలు ముంచారు. మరొకరు రొట్టె ముంచారు. తర్వాత గిన్నె చేతులు మారడం మొదలైంది. బాపు మొదట మోచేయి అడ్డం పెట్టాడు, తర్వాత లాభం లేదని లేచి లుంగీ ఎగగట్టి తానే పొయ్యి దగ్గర నిలబడ్డాడు. ఇంకో గిన్నె కాచాడు, అదీ చాలక మరొకటి కాచాడు. వచ్చినవాళ్లకల్లా గరిటె ఎత్తి చూపుతూ, మంట తగ్గించాలని, తొందరపడొద్దని, సాంచాలు ఆడుతున్నప్పటి గొంతుతో చెబుతూనే ఉన్నాడు.

ఆ పండుగకు మా ఇంట్లో మటన్ మిగిలింది.