అరిగిన బ్యాటరీల పాట

పోయిన సోమవారం పొద్దున్నే రేపల్లె నుంచి ఫోను. మా ఆడబిడ్డ నిద్రలోనే పోయిందట. నేను ఫోను పట్టుకుని నిలబడిపోతే పెనం మీద అట్టు మాడి బొగ్గయింది. ఆడబిడ్డ అనగానే అందరూ ఆరళ్ళ కథలే చెబుతారు. నేను వదినా అని పిలుచుకున్న ఆ మనిషి పెట్టిన బాధ ఒక్కటే, గిటారు.

నేను రేపల్లెకు కాపురానికి వెళ్ళేసరికి ఆమె అక్కడ స్కూలు టీచరు. మిషన్ బంగళా ఖాళీ చేస్తూ ఒక దొరసాని తన పాత గిటారునూ, ఒక కాసెట్టునూ ఆమెకిచ్చి వెళ్ళింది. కాసెట్టులో పాడే గొంతే లేదు, ఒట్టి గిటారు. ఎప్పటివో ఇంగ్లీషు రాజుల కొలువుల్లోని బాణీలట. పైన ఆ బాణీ మర్యాదగా నడుస్తుంటే, కింద అమెరికా వాళ్ళ జాజూ బ్లూసూ బద్ధకంగా ఒళ్ళు విరుచుకునేవి.

"ఏంటి వదినా, ఎంతసేపటికీ పాట మొదలవదేంటి?" అంటే నవ్వేది.

ఆఖరి పాట మీద ఆమె మనసు పడింది. తెనాలిలో గిటారు నేర్పే మాస్టారికి వినిపించింది. "ఇది ఇద్దరు కలిసి వాయించిందమ్మా. ఒక్కరివల్ల కాదు, వదిలేయండి," అన్నారాయన. తిరుగు బస్సులో భట్టిప్రోలు దాకా వదిన కాసెట్టు అట్టనే తిప్పి తిప్పి చూసింది. తర్వాత అంది, "అట్ట మీద ఒక్కడి బొమ్మే ఉందిగా. ఒక్కడే వాయించాడు. నేనూ వాయిస్తా."

వేళ్ళ వేగం మాత్రం అందేది కాదు. ఒకరోజు టేప్ రికార్డరులో బ్యాటరీలు అరిగిపోయి పాట నిదానమై సాగిపోయింది. మార్చబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఉంచమ్మాయ్! వేళ్ళు విడివిడిగా వినపడుతున్నాయి. కింద నడిచేది బొటనవేలే!"

అప్పటినుంచి టార్చిలైట్లలో అరిగిన బ్యాటరీలన్నీ ఆమె బిస్కెట్ డబ్బాలోకే చేరేవి. సాగి శ్రుతి దిగిన పాటకు సరిపోయేలా తీగలు వదులు చేసుకుని వాయించేది. "ఇంకెప్పుడొస్తుంది వదినా? మాకు చెవులు పోతున్నాయి," అని విసుక్కునేదాన్ని. "రాకపోవడమేంటి? ఇంకా రాలేదు, అంతే," అనేది. ఆ మొండితనం చూస్తే ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ మాట కోసమే ప్రాణం కొట్టుకుంటోంది.

బాపట్ల చర్చిలో కోతల పండగకు ఆ మాస్టారే పాటలకు వచ్చారు. ఆయన ఎదుటే వదిన గిటారు పట్టుకుని కూర్చుంది. పాట సగంలో బొటనవేలు తడబడింది. ఆగిపోయింది. కానుకగా వచ్చిన గుమ్మడికాయల దగ్గర నుంచి ఒక పెద్దాయన, "ఇక చాలమ్మా, వేలంపాట మొదలెట్టాలి," అన్నాడు.

"కూర్చోండి బాబాయ్. మళ్ళీ మొదటినుంచి వాయిస్తాను."

ఈసారి చివరిదాకా వాయించింది.

మాస్టారు లేచి వచ్చారు. "ఒక్కరేనమ్మా. నేనే పొరబడ్డాను. కాకపోతే, కాస్త నిదానంగా వాయించారు."

"అరిగిన బ్యాటరీలతో నేర్చుకున్నానండి," అంది వదిన. ఆయన పగలబడి నవ్వారు.

సమాధి దగ్గర నుంచి వదిన ఇంటికి వచ్చాక, ఆమె టేప్ రికార్డరులో కొత్త బ్యాటరీలు వేసి ఆ కాసెట్టు పెట్టాను. ఎవరో పరాయి మనిషి తరుముకొచ్చినట్టు వాయించుకుపోతున్నాడు. అవి తీసేసి బిస్కెట్ డబ్బాలోని అరిగినవి వేశాను. అప్పుడు వదిన వచ్చింది, బొటనవేలితో నెమ్మదిగా నడుస్తూ. పాట ఇంకా ఇంకా సాగి, చివరికి రాకముందే ఆగిపోయింది.

డబ్బాలో ఇంకో జత ఉంది. వేసి, మళ్ళీ మొదటినుంచి పెట్టాను.