తొమ్మిది రోజుల రిజిస్టరు

వానగాలికి మురుగు తొట్టెల మీంచి పుల్లటి వాసన లేచినప్పుడల్లా నాకు మరియమ్మ గొంతు వినిపిస్తుంది. విశాఖలో నీళ్లు చాలని కాలనీల కోసం, వాడిన నీటినే శుద్ధిచేసి తోటలకూ మరుగుదొడ్లకూ పంపే ప్లాంటులో ఇప్పుడు నేను సూపర్‌వైజర్ని. ఈ పని నాకు నేర్పింది అరకులో ఓ రిసార్టు వెనకున్న మురుగు ప్లాంటులో, అనంతగిరి కొండల నుంచి వచ్చిన ఆ సన్నటి మనిషి.

"ముక్కు మూసుకుంటే ఎలాగే గుంటా? ఏటయిందో వాసనే సెబుతాది," అంది మొదటి రోజే. బోర్లు ఎండిపోయే వేసవిలో ఆమె శుద్ధిచేసిన నీళ్లే అక్కడి తోటను బతికించేవి. ఆదివారం చర్చికి వెళ్తూ కూడా వచ్చి తొట్టెలోకి తొంగిచూసేది.

ఆ ఏడు తొలకరికి, గదులన్నీ నిండి ఉండగా, తొట్టెకు గాలి కొట్టే మోటారు కాలిపోయింది. మురుగు శుద్ధికాక పొంగసాగింది. వాల్వు తిప్పి, పక్కనే పారే కొండగెడ్డలోకి వదిలేయమన్నాడు మేనేజరు.

"కిందూరోలు ఆ గెడ్డ నీల్లే తాగుతారు బాబూ," అంది మరియమ్మ.

"రెండు రోజులే. రిజిస్టర్లో మాత్రం మోటారు నడిచిందని రాయండి."

ఆమె తొట్టెలోకి ఓసారి తొంగిచూసింది. తర్వాత వాల్వు తిప్పింది. రెండు రోజులు తొమ్మిదయ్యాయి. ఐదు రోజులు ఆమె, నాలుగు రోజులు నేను 'నడిచింది' అని రాశాం.

కింది ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. జీపు పాడేరు ఆసుపత్రికి చేరకముందే ఓ నాలుగేళ్ల పాప చనిపోయింది. బూజుపట్టిన మామిడిటెంకల అంబలి తాగారట, అందుకేనని మేనేజరు అందరికీ చెప్పాడు.

మర్నాడు మరియమ్మ రిజిస్టరు చంకన పెట్టుకుని ఆ ఊరికి నడిచింది. నేనూ వెంట వెళ్లాను. పాప తల్లి గుమ్మంలో కూర్చుని ఉంది.

"అంబలి కాదమ్మా. వాల్వు తిప్పింది ఈ సెయ్యి. తొమ్మిది రోజులూ అబద్దం రాసింది నానే."

తొమ్మిదీ తనవే అంది. నేను నోరు తెరవబోతే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. వదిలేశాక కూడా నేను నోరు విప్పలేదు.

"నీకు పిల్లలున్నారేటి?" అని అడిగిందా తల్లి.

"ఇద్దరు."

ఆ తల్లి లేచి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ బయటికి రాలేదు.

మరియమ్మ ఉద్యోగం పోయింది. రిసార్టుకు కొత్త మోటారు వచ్చింది. ఆ తర్వాత ఏ ప్లాంటు వాళ్లూ ఆమెను పనిలోకి తీసుకోలేదు. కాఫీ తోటల్లో కలుపు తీస్తూ, తీస్తూనే కన్నుమూసింది.

ఇప్పుడు నా ప్లాంటులో మోటారు ఆగితే, పైవాళ్లు ఎంత కేకలేసినా, 'ఆగింది' అనే రాస్తాను. అంతవరకు ఆమె నేర్పిందే. కానీ మొన్న ఆమె సమాధి చూశాక, పాప ఊరికీ వెళ్దామని జీపెక్కాను. ఆ ఊరి మలుపు వచ్చింది. ఆపమని డ్రైవరుతో అనలేకపోయాను. నా నాలుగు రోజుల సంగతి ఆ తల్లికి ఇప్పటికీ తెలియదు.