స్తంభం మీద తమ్ముడు

సముద్రం ఒడ్డున ఉన్న ఆ కాలేజీలో ఆడపిల్లల హాస్టలుకు వంట చేసే ఆమెను అందరూ పిడుగక్క అనేవాళ్లు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్లు ఒక దెబ్బైనా తినే ఉంటారు. మనిషి పొట్టి. చేతులు మాత్రం రోకళ్లు. ఒకసారి సరుకుల వ్యాపారి పురుగు పట్టిన బియ్యం దింపితే, గరిటె తిరగేసి మూతి మీద ఒక్కటిచ్చింది. పన్ను ఊడి బియ్యంలో పడింది. వాడు నోరు పట్టుకుని వెతుక్కుంటుంటే, "నిదానంగా ఏరుకో నాయనా, అందులో రాళ్లు కూడా ఉన్నాయి, కలిసిపోతుంది" అంది.

తల్లీ తండ్రీ వెంటవెంటనే పోయేసరికి ఆమెది ఇంకా బడికి వెళ్లే వయసు. తమ్ముడికి అప్పుడే నడక వస్తోంది. వాణ్ణి నడుముకు కట్టుకుని ఇటుకల బట్టీలో మట్టి మోసింది. రాత్రుళ్లు గుడిసె తలుపు తట్టిన బట్టీ మేస్త్రీని పొయ్యిలోని కొరకంచుతో చెంప కాల్చి పంపింది. అప్పటినుంచి ఆమెకు ఒకటి అర్థమైంది: నోటితో చెబితే వినని లోకం చేతితో చెబితే వింటుంది. తమ్ముణ్ణి కొట్టిన ప్రతివాణ్ణీ కొట్టింది. తమ్ముడు తప్పు చేస్తే వాణ్ణీ కొట్టింది. వాడు కరెంటు పని నేర్చుకుని అదే కాలేజీలో చేరాక, "నువ్వూ ఒక తోడు చూసుకోవచ్చు కదక్కా" అని ఎప్పుడైనా అంటే, "నిన్ను కొట్టడానికే తీరిక లేదు, ఇంకొకణ్ణి తెచ్చుకుని ఎప్పుడు కొట్టను?" అనేది.

తుఫాను పట్టపగలే వచ్చింది. ముందు భోజనశాల రేకులు లేచిపోయాయి. ఒక్కో రేకు గాలిలో కత్తిలా తిరుగుతూ వెళ్లింది. గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన గొలుసు బిగించడానికి బయటికి వెళ్లాడు. రేకు ఆయన్ని భుజం నుంచి నడుము దాకా కోసేసింది. కిటికీలోంచి అది చూసిన పిల్లలు కేకలు పెడుతూ వరండాలోకి పరుగెత్తారు. అప్పటికే వరండా కప్పు ఊగుతోంది. పిడుగక్క జుట్లు పట్టి, చేతులు పట్టి, అందినదాన్నల్లా పట్టి వాళ్లను వంటగదిలోకి లాగి పడేసింది. రానని మొరాయించిన పిల్లను చెంపమీద కొట్టి మరీ లాగింది. వరండా కూలినప్పుడు దాని కింద ఒక్క పిల్ల కూడా లేదు. సాయంత్రానికి సముద్రం లైబ్రరీలోకి వచ్చింది. పుస్తకాలు నీళ్లు తాగి, ఉబ్బి, బీరువాలను లోపలినుంచి పగలగొట్టాయి.

తుఫాను వెలిశాక కాలేజీకి మొదట వచ్చింది విద్యార్థులు కాదు, ఇళ్లు పోయిన ఒడ్డువాళ్లు. కింది అంతస్తు గదులన్నీ నిండి క్యాంపు అయిపోయాయి. బల్లలు పొయ్యిలోకి వెళ్లాయి. నల్లబల్లలు తలుపులయ్యాయి. వాళ్లకు పెద్దదిక్కు పడవలు కట్టే మేస్త్రీ ఒకడు, తాటిమొద్దులాంటి మనిషి. అతని భార్య తుఫానులో పోయింది. శవం దొరకలేదు. అతను ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, పొద్దస్తమానం విరిగిన బెంచీల కాళ్లు ఊడదీసి కట్టెలు పేర్చేవాడు.

"అవి పిల్లలు కూర్చునేవిరా!" అని పిడుగక్క గరిటె పట్టుకుని తరిమింది.

"పిల్లలు ఎక్కడున్నారు కూర్చోడానికి?" అన్నాడతను.

"వస్తారు."

"మావాళ్లు రారుగా" అని అతను బెంచీ కాలు విరిచాడు. ఆమె అతని వీపు మీద ఒక దెబ్బ వేసింది. అతను కదల్లేదు. అంతకన్నా ఏం చేయాలో తెలియక ఆమె వెనక్కి వచ్చేసింది. అలాంటి తగవులు ఆ తర్వాత రోజూ జరిగాయి. నీళ్లకు, కట్టెలకు, ఎండలో బట్టలారేసే చోటుకు. క్యాంపు ఆడవాళ్లకు ఆమెను చూస్తే ఒళ్లు మంట.

కొన్నాళ్లకు విద్యార్థులు ఒక్కరొక్కరే రావడం మొదలైంది. చీపుర్లు పట్టారు, బురద ఎత్తిపోశారు, తడిసిన పుస్తకాల్ని డాబా మీద పేజీ పేజీ విప్పి ఆరబెట్టారు. ఇంతలో యూనివర్సిటీ నుంచి కబురు. కరెంటూ నీళ్లూ ఉన్నాయో లేదో వచ్చి చూస్తాం, ఉంటే పరీక్షలు ఇక్కడే, లేకపోతే దూరపు పట్నంలో. పట్నం వెళ్లి ఉండే స్తోమత ఈ పిల్లల్లో ఎవరికీ లేదు. ఇళ్లు పోయినవాళ్లు, పడవలు పోయినవాళ్లు. పరీక్ష దాటిపోతే చదువు దాటిపోయినట్టే. అందుకని తమ్ముడు తెల్లవారితే స్తంభాల మీదే ఉండేవాడు. పడిపోయిన తీగలు ఏరి, అతికి, మళ్లీ ఎక్కించేవాడు. స్తంభం ఎక్కేముందు వాడికో పద్ధతి ఉంది. ఆ దారిన కరెంటు పంపే పెట్టెలోంచి ఫ్యూజు పీకి తన జేబులోనే వేసుకునేవాడు. అది జేబులో ఉన్నంతసేపు ఎవడూ తెలియక కరెంటు వదలలేడు. ఆ పద్ధతి కాలేజీలో అందరికీ తెలుసు. జేబు తట్టి చూపించి, "నా ప్రాణం ఇక్కడుంది" అని నవ్వేవాడు.

యూనివర్సిటీవాళ్లు వస్తామన్న రోజు పొద్దున ఎవరో దాతలు పంపిన జనరేటరు లారీలో దిగింది. వెంట వచ్చిన మెకానిక్కుకు ఇంకో మూడు ఊళ్లు తిరగాలన్న తొందర. కరెంటు బోర్డు దగ్గర ఉండాల్సిన పెద్ద స్విచ్చు పెట్టె తుఫానులో కొట్టుకుపోయింది. అతను దాన్ని గురించి ఆలోచించలేదు. స్తంభం నుంచి వచ్చే తీగలు ఎక్కడ కలుస్తాయో అక్కడే జనరేటరు తీగలు కూడా మెలిపెట్టి కట్టాడు. చుట్టూ క్యాంపు జనం, పిల్లలు. కుళాయిలో నీళ్లొస్తాయని బిందెలతో ఆడవాళ్లు. ల్యాబులో దీపాలు వెలుగుతాయని విద్యార్థులు. మెకానిక్ పని జరిగేచోట రాళ్లు తొలగిస్తూ పిడుగక్క గడ్డపారతో పొడుస్తోంది.

ఫిజిక్స్ మేడమ్ అటుగా వచ్చి బోర్డు చూసి ఆగిపోయింది. సన్నటి మనిషి, సన్నటి గొంతు. క్లాసులో వెనక బెంచీకి కూడా వినపడదని పిల్లలు నవ్వుకునేవాళ్లు.

"ఇది ఇలా కట్టకూడదండీ. స్విచ్చు ఏది? దీన్ని తిప్పితే కరెంటు బిల్డింగులోకే కాదు, బయట తీగల్లోకీ పోతుంది" అంది.

పిడుగక్క గడ్డపార ఆపింది. "బయట తీగల్లోకంటే? స్తంభం మీదికా?"

"స్తంభం మీదికే."

"మావాడు ఎక్కి ఉన్నాడు మేడమ్!"

హాస్టలు వెనక, కూలిన చెట్లకూ బురద మడుగుకూ అవతల, చివరి స్తంభం మీద తమ్ముడు కాకిలా కనిపిస్తున్నాడు. ఇక్కణ్ణుంచి కేక వేస్తే వినపడదు.

"నేను వెళ్లి దింపుతాను. నువ్వు దీన్ని తిప్పనివ్వకు" అని మేడమ్ చెప్పులు వదిలేసి మడుగులోకి దిగి పరుగెత్తింది.

పిడుగక్క జనంలోకి తిరిగింది. ఆ రోజు ఆమె గొంతు తగ్గించి అడిగింది. అలా అడగడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. "అన్నా, కాసేపు ఆపన్నా. మా తమ్ముడు దిగేదాకా."

"వాడి జేబులో ఫ్యూజుందిగా" అన్నాడు మెకానిక్. అక్కడున్నవాళ్లలో ఎవరో అప్పుడే ఆ సంగతి అతనికి చెప్పారు. "తీగ చచ్చి పడుంది. చచ్చిన పాముకు భయమేంటమ్మా?"

"అది అటునుంచి వచ్చే కరెంటుకట. ఇది ఇటునుంచి పోతుందట. మేడమ్ చెప్పింది."

"మేడమ్ ఏదీ?" అని ఒక కుర్రాడు అరిచాడు. "అక్కా, వాళ్లొచ్చే టైమైంది. దీపం లేదంటే మా పరీక్ష ఊరు దాటిపోతుంది. తప్పుకో!"

"దీని ఎత్తు నాకు తెలుసు" అంది బిందె పట్టుకున్న ఒకావిడ. "మొన్న కట్టె ముట్టుకుంటే తరిమింది. నిన్న నీళ్లు ముట్టుకుంటే తరిమింది. ఇవాళ కరెంటు కూడా ముందు తన వంటగదికే కావాలి!"

"నీ కాళ్లు పట్టుకుంటానమ్మా..."

"పట్టుకో మరి!" ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో జనం ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చారు. వాళ్లు రేపు, ఎల్లుండి అన్న మాటలు విని విని విసిగి ఉన్నారు. ఆపమన్న ప్రతివాడూ వాళ్లకు దొంగలాగే కనిపిస్తున్నాడు.

పిడుగక్క బోర్డు మీదికి దూకింది, తీగలు పీకేద్దామని. ఇద్దరు వెనకనుంచి జుట్టు పట్టి లాగారు. ఆమె మోచేత్తో ఒకడి ముక్కు పగలగొట్టింది. ఇంకొకడి చెయ్యి కొరికింది, నెత్తురు నోట్లోకి వచ్చేదాకా. బిందె ఒకటి ఆమె తలమీద పడి మోగింది. ఆ సందడిలోనే మెకానిక్ జనరేటరు తిప్పాడు. అది ఒకసారి దగ్గింది. రెండోసారి అందుకుంది.

ల్యాబులో దీపాలు వెలిగాయి. జనం కేరింత కొట్టారు. ఆ కేరింతలో తనను పట్టుకున్న చేతులు వదులైన క్షణాన పిడుగక్క కిందపడ్డ గడ్డపార అందుకుని, రెండు చేతులా ఎత్తి జనరేటరు ముందు తిరుగుతున్న ఫ్యానులోకి దించింది.

ఇనుము అరిచిన అరుపుకు అందరూ చెవులు మూసుకున్నారు. రెక్కలు విరిగి ఎగిరాయి. ఒకటి మెకానిక్ బుగ్గను దవడదాకా చీల్చింది. ఒకటి ఆమె భుజంలో దిగింది. గడ్డపార ఆమె చేతుల్లో గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది. ఆమె దాన్ని మళ్లీ తీసి డీజిలు గొట్టం మీద, కిందున్న బ్యాటరీ పెట్టె మీద, అందినచోటల్లా మోదింది. దీపాలు ఆరిపోయాయి. బ్యాటరీ పగిలి యాసిడ్ చిమ్మి ఆమె కాళ్లు కాలాయి. అయినా మోదుతూనే ఉంది.

"చంపండి దాన్ని!" అని ఎవరన్నారో తర్వాత ఎవరూ ఒప్పుకోలేదు. అందరూ కొట్టారు. చదువుకుంటున్నవాళ్లూ కొట్టారు. తుఫానులో జుట్టు పట్టి లాగి ఆమె బతికించిన పిల్ల ఒకతి ఏడుస్తూ చెప్పుతో కొట్టింది. పడవల మేస్త్రీ వచ్చి, బెంచీ కాలు ఎత్తి, గడ్డపార పట్టుకున్న ఆమె ఎడమచేతి మీద వేశాడు. వేళ్లు పుల్లల్లా విరిగిన చప్పుడు అంత గోలలోనూ వినపడింది. గడ్డపార జారింది. అతను మళ్లీ ఎత్తాడు.

డాబా మీద పుస్తకాలు ఆరబెడుతున్న కుర్రాడొకడు అప్పుడు అరిచాడు. "స్తంభం మీద మనిషి వేలాడుతున్నాడు!"

బెంచీ కాలు గాలిలోనే ఆగింది.

అందరూ అటు చూశారు. తమ్ముడు నడుం పట్టీకి వెల్లకిలా వేలాడుతున్నాడు. చేతులు కిందికి జారి ఉన్నాయి. స్తంభం కింద బురదలో మోకాళ్లమీద పడి మేడమ్ అరుస్తోంది. ఆమె గొంతు మొదటిసారి అందరికీ వినపడింది.

పిడుగక్క లేవబోయి కాళ్లు నిలవక పడిపోయింది. పాకింది. పడవల మేస్త్రీ చేతిలోది పారేసి పరుగెత్తాడు. అందరికన్నా ముందు మడుగు దాటింది అతనే. తాళ్లతో మోకులతో బతికిన మనిషి, స్తంభం ఎక్కి తమ్ముణ్ణి భుజాన వేసుకుని దిగాడు. రొమ్ము మీద గుద్దారు, నోట్లో ఊపిరి ఊదారు. నలుగురు కుర్రాళ్లు పిడుగక్కను మోసుకొచ్చి పక్కన దింపేసరికి తమ్ముడు కళ్లు తెరిచాడు. రెండు అరచేతులూ మాడి ఉన్నాయి.

వాడు అక్కను చూశాడు. "నువ్వే కొట్టావనుకున్నానే అక్కా. ఇంత గట్టిగా ఇంకెవరు కొడతారు?" అన్నాడు.

ఆమె మంచి చెయ్యి ఎత్తి వాడి నెత్తిన మొట్టికాయ వేయబోయింది. అంతదూరం ఎత్తలేక వాడి మొహం మీదే ఆనించి ఉంచేసింది.

యూనివర్సిటీవాళ్లు వచ్చి చూసింది ఇదీ: ముక్కలైన జనరేటరు, కుట్లు వేయించుకుంటున్న మెకానిక్, గుమ్మంలో నెత్తురు. వెళ్లిపోబోయారు. మేడమ్ బురద కాళ్లతోనే వాళ్లకు అడ్డం నిలబడి జరిగినదంతా చెప్పింది. తర్వాత ప్రిన్సిపాల్ బతిమాలాడు. చివరికి వాళ్లు కొంచెం మెత్తబడ్డారు. పరీక్ష కొన్నాళ్లు వాయిదా వేస్తాం, ఈలోగా లైను కరెంటు వస్తే ఇక్కడే, రాకపోతే మళ్లీ అడగొద్దు అన్నారు.

ఇంకో జనరేటరు ఇచ్చే దాతలెవరూ లేరు. పట్నం కరెంటువాళ్లు ఊరూరా స్తంభాలు లేపుతూ ఎప్పటికి వస్తారో తెలియదు. మిగిలింది ఆ చివరి స్తంభం ఒక్కటే. దాని పని తెలిసినవాడు తమ్ముడు ఒక్కడే. అరచేతులకు కొత్త చర్మం పట్టీ పట్టకముందే వాడు తాడు తీశాడు.

"ఎక్కవు" అంది పిడుగక్క. ఆమె ఎడమచేతికి కట్టు, భుజానికి కట్టు, కాళ్లకు కట్లు.

"జనరేటరు విరగ్గొట్టింది నువ్వు. తీగ నేను కట్టకపోతే పిల్లల చదువు విరగ్గొట్టింది కూడా నువ్వే అవుతావు. అది నేను వినలేనక్కా."

కొట్టి ఆపుదామంటే ఒక్క చెయ్యే ఉంది. ఆమె వాడి వెంట నడిచింది. స్తంభం కింద నిలబడింది. తమ్ముడు రెండు అడుగులు ఎక్కి ఆగాడు.

"నువ్వక్కడుండి చూస్తుంటే నాకు పని సాగదు. వంటగదికి పో."

"పోను."

"పో అక్కా. ఇంతమందికి అన్నం పెట్టాలి."

ఆమె వెనక్కి తిరిగింది. బోర్డు దగ్గర పడవల మేస్త్రీ నిలబడి ఉన్నాడు, వీపు బోర్డుకు ఆనించి, చేతులు కట్టుకుని. అతన్ని అక్కడ ఉండమని ఎవరూ చెప్పలేదు, జనరేటరు లేకపోయినా ఆ తీగల్ని ఎవరూ ముట్టకుండా కాస్తున్నాడు. బోర్డువైపు ఒక అడుగు వేసిన కుర్రాణ్ణి అతను మాట లేకుండా ఛాతీమీద చెయ్యిపెట్టి వెనక్కి నెట్టాడు. ఆ కుర్రాడు కిందపడ్డాడు.

ఆమె అతన్ని క్షమించలేదు. ఎప్పటికీ క్షమించదు కూడా. కానీ ఆ చేతుల బలం ఎంతో ఆమె వేళ్లకు తెలుసు.

"వాడు దిగేదాకా ఇక్కణ్ణుంచి కదిలావంటే నిన్ను చంపుతాను" అంది.

"కదలను" అన్నాడు.

పిడుగక్క వంటగదిలోకి వెళ్లి, మంచి చేత్తో గుండిగ మూత తీసి, కలపడం మొదలుపెట్టింది.