అక్క కోసం చేసిన జనం

మా అక్కది వ్యవసాయ శాఖలో ఉద్యోగం. ఇంట్లో నోరు విప్పితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. అలాంటిది పోయినేడు దాచేపల్లి వైపు ఒక ఊళ్ళో మిర్చి రైతులకు నల్లతామర పురుగు గురించి చెబుతుంటే, నాలుగు వరసల వాళ్ళు ఒక్కసారిగా లేచి వెళ్ళిపోయారట. అక్క మైకు అక్కడే పెట్టి బండెక్కి వచ్చేసింది. ఆ తర్వాత మీటింగంటే చాలు, జ్వరం. ఊళ్ళు తిరగలేను, ఆఫీసు పనికి మార్చమని అర్జీ కూడా రాసి పెట్టుకుంది. పొలాలంటే ప్రాణం పెట్టే మనిషి! నాకు ఒళ్ళు మండింది.

నేను చేసే పని వీఆర్ కళ్ళద్దాల్లో కనిపించే బొమ్మ మనుషుల్ని తయారుచేయడం. సభంటే భయపడేవాళ్ళు వాళ్ళ ముందు మాట్లాడి అలవాటు చేసుకుంటారు. అక్క కోసం యాభై మంది రైతుల్ని చేశాను. తువ్వాళ్ళతో సహా అన్నీ పెట్టాను. అక్క కళ్ళద్దాలు తగిలించుకుని రెండు నిమిషాలు మాట్లాడి ఆగిపోయింది.

"ఏంటే, వీళ్ళింట్లో ఎవరన్నా పోయారా? ఉలుకూ పలుకూ లేదు!"

"శ్రద్ధగా వింటున్నారు తల్లీ!"

"మనోళ్ళు శ్రద్ధగా వింటే ఇట్టా ఉంటారా? నీ మొహం!"

పౌరుషమొచ్చి ఆ ఊరికే వెళ్ళాను. ఆ రోజు వేరే ఎవరిదో మీటింగు. జనం వింటూనే పక్కవాడి జేబులో చుట్ట వెతుకుతున్నారు. ఫోనెత్తి "మీటింగులో ఉన్నా" అని అరుస్తున్నారు. చెప్పేవాడికే ఎదురు చెబుతున్నారు. అన్నీ రాసుకుంటున్నాను. ఉన్నట్టుండి నాలుగు వరసలు లేచాయి. ఒక పెద్దాయన్ని ఆపి, ఎక్కడికండీ అని అడిగాను.

"కరెంటొచ్చిందమ్మా! మోటారేసి మళ్ళీ వస్తాం."

పోయినేడు పురుగు గురించి చెప్పిన మేడం గుర్తుందా అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది.

"ఎందుకు గుర్తులేదూ! బాగా చెప్పింది. మోటార్లేసి పరిగెత్తుకొచ్చాం. వచ్చేతలికి ఆవిడే లేదు. పొద్దుగూకిందాకా చూశాం. మా మీద కోపమొచ్చిందేమో అనుకున్నాం."

'లేచిపోతారు' అని రాసుకున్నదాని పక్కనే 'తిరిగొస్తారు' అని రాశాను. అక్కడినుంచే అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"నాకోసం ఎంతసేపు చూశారంట?"

"పొద్దుగూకిందాకా."

అక్క ముక్కు చీదడం వినిపించింది.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటారో ఆయన్నడుగు. కరెంటు టైం కూడా కనుక్కో."