క్రేన్ మీది మనిషి, కడుపులో కాపలావాళ్ళు

మా ఆయన పని నేల మీద కాదు. కడుతున్న మేడల పక్కన నిలబెట్టే పొడుగాటి క్రేన్ పైన, ఒక్క మనిషి పట్టే అద్దాల గదిలో. రెండు వందల నలభై ఇనుప మెట్లు. పొద్దున ఎక్కితే మధ్యాహ్నం దాకా దిగేవారు కాదు. ఆయన దిగితే కింద నలభై మంది చేతులు ముడుచుకుని కూర్చోవాలి. వాళ్ళు ఆయనకు పెట్టిన పేరు పావురం.

అలాంటి మనిషికి పేగుల జబ్బు పట్టుకుంది. రోజుకు పదిసార్లు, అదీ నెత్తురుతో. నాకు చెప్పలేదు. పైన ఉండగా అవసరం పడకూడదని పొద్దున తినడం మానేశారు. ఒకరోజు మేకు పెట్టి బెల్టుకు కొత్త కన్నం పొడుస్తుంటే పట్టుకుని నిలదీశాను.

"కడుపు బాగాలేని పావురమని తెలిస్తే కింద ఎవడైనా నిలబడతాడా? అందుకే ఎవరికీ చెప్పలేదు" అన్నారు.

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళాను.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "పేగుల్లో కోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయమ్మా. చాలావరకు మనకు మేలు చేసేవే. మన ఒంట్లో కాపలావాళ్ళుంటారు, బయటి క్రిములు వస్తే తరిమేవాళ్ళు. ఈయనకి ఆ కాపలావాళ్ళు ఇంట్లో వాళ్ళనే దొంగలనుకుని కొడుతున్నారు. ఆ దెబ్బలకి పేగు గోడ పుండవుతుంది. పుండులోంచి క్రిములు లోపలికి దూరతాయి. కాపలావాళ్ళు ఇంకా రెచ్చిపోతారు."

"ముందు తప్పు ఎవరిదమ్మా? క్రిములదా, కాపలావాళ్ళదా?" అని అడిగారాయన.

"అది మాకూ పూర్తిగా తెలీదు. పుట్టుకతో వచ్చిన గుణం కొంత, మంచి క్రిములు తగ్గిపోవడం కొంత. మాత్రలిస్తాను, కాపలావాళ్ళ కోపం తగ్గుతుంది. బాగుందని మాత్రం మానొద్దు."

మూడు నెలల్లో నాలుగు కిలోలు పెరిగారు. మళ్ళీ క్రేన్ ఎక్కారు. నాకే కుదురు లేదు. మా ఇంటి డాబా మీద బట్టలారేస్తూ, దూరంగా కనబడే క్రేన్ కొన తిరుగుతోందా లేదా అని చూసేదాన్ని. కాసేపు ఆగితే చాలు, చేతిలో తడి చీరతోనే మెట్ల దాకా వచ్చేసేదాన్ని.

కింద నిలబడి రేడియోలో ఆయనకు ఎత్తు, దించు అని చెప్పే సిగ్నలతను ఒక ఆదివారం ఇంటికొచ్చాడు. పనిలో జబ్బు సంగతి ఆయన చెప్పింది ఇతనొక్కడికే. ఆయన స్నానంలో ఉన్నారు.

"వదినా, ఆ మాత్రలు ఒంట్లో శక్తిని చంపేస్తాయంట. ఈ సిమెంటు దుమ్ములో కాపలావాళ్ళని నిద్రపుచ్చితే ఎట్లా? అన్నకి రోగం తట్టుకునే శక్తి పెరగాలి గానీ!"

సబబుగానే తోచింది. కాపలా పడుకుంటే ఇల్లు గుల్లే కదా. అసలు ఆ శక్తే దారి తప్పి ఆయన్ని తింటోందని విన్నదాన్నే, నా బుర్రకెక్కలేదు. మర్నాడు శక్తి పెంచుతుందన్న పొడి కొనుక్కొచ్చి, మాత్రలు ఆపమన్నాను.

ఆయన ఎందుకని అడగలేదు. పైనుంచి బరువు కనబడదు, కిందివాళ్ళ మాటే కన్ను. వాళ్ళ పనిలో ఎత్తమనడానికి సిగ్నలతనొక్కడికే హక్కు. ఆపమని మాత్రం ఎవరన్నా అనవచ్చు, వెంటనే ఆపాలి, కారణం తర్వాత. ఇరవై ఏళ్ళ అలవాటు. "ఆపమన్నావుగా, ఆపేశా" అన్నారు, అంతే.

ఆరో వారంలో మళ్ళీ నెత్తురు. జ్వరం. కడుపు డోలులా బిగిసిపోయింది. ఆసుపత్రిలో చేర్చాను.

"మాత్రలు వేసుకుంటున్నారా?" అంది డాక్టరమ్మ.

"బద్ధకించి నేనే మానేశానమ్మా" అన్నారాయన.

సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆమె బయటికి వెళ్ళాక వెనకే పరుగెత్తాను. "ఆపించింది నేను. శక్తికని ఏదో పొడి కూడా తాగించాను. నా వల్లేనా?"

"ఏం పొడి? డబ్బా పట్రండి" అంది ముందు. తర్వాత అంది: "మానకపోయినా ఒక్కోసారి తిరగబెడుతుంది. మానితే ఆ ప్రమాదం పెరుగుతుంది. అంతకు మించి చెప్పలేను."

ఆ మాట చుట్టూ ఇప్పటికీ తిరుగుతున్నాను. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి.

ఆపరేషన్ చేసి పెద్దపేగు తీసేసి, మలం పోవడానికి పొట్టకు సంచీ అమర్చారు. తెలివి రాగానే "దీంతో మెట్లెక్కచ్చా?" అని అడిగారు.

"ముందు మంచం దిగండి" అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం అడిగాను, "అబద్ధం ఎందుకు చెప్పారండీ?"

"నువ్వు నిలబడ్డ తీరు చూశా. నీ నెత్తిన ఇంకో తట్ట పెడితే కూలిపోయేదానివి."

అప్పటికే పేగులోంచి విషం నెత్తురులోకి పాకింది. ఆపరేషనైన తొమ్మిదో రోజున పోయారు.

నెల దాటాక సిగ్నలతను ఆయన హెల్మెట్ తెచ్చాడు. గుమ్మంలోనే తల వంచుకున్నాడు. "వదినా, ఆ రోజు నేను నోరు జారకపోతే..."

"నువ్వు అన్నావు. డాక్టరమ్మని అడక్కుండా చేసింది నేను. నీ వాటా నీది, నా వాటా నాది. రెండూ నువ్వే మొయ్యకు" అన్నాను.

అతను గట్టిగా ఏడ్చేశాడు. నేను కూర్చోలేక, అతనికి మంచినీళ్ళు తేవడానికి లేచాను.